బయట అన్న ఒక్క మాట

1968, మంగళవారం రాత్రి, హాస్టల్

పగడాల మీద పరిశోధన సుశీలకే ఇస్తామని సార్ ఈరోజు చెప్పారు. నాకు చెరువు చేపలట. పోయిన నెల సిలోన్‌లో సముద్రంలో మునిగి చూసినవాళ్లకే పగడాలు అన్నారు. బావిలో మా నాయన నేర్పిన ఈత నాది. సుశీల కంటే లోతుకు వెళ్లేదాన్ని.

"ఒక్కనాడే చెవినొప్పి ఉండె సార్. తెల్లారి నుంచి నేను తయారే. మీరే పడవ ఎక్కమనలేదు" అన్నాను.

సార్ తల దించుకున్నారు. "చెవా? నువ్వు బయట ఉన్నావని సుశీల చెప్పిందమ్మా. ఆ విషయం నేనెలా అడగను?"

తార్నాక బస్టాపులో సుశీలను నిలదీశాను.

"ఇయ్యాల బయట్నే ఉంటా అన్నది నువ్వే కదే! ఆ మూడు రోజుల సంగతి అనుకున్నాను."

"నీళ్ల బయట అన్న. ఒడ్డు మీద నిలబడి ఇంకేమంటరు?"

"మీ భాష నాకేం తెలుసే తల్లీ!" అని నవ్వి, తన జామకాయలో సగం విరిచి ఇచ్చింది. తినేశాను. తప్పు నా మాటలోనే ఉందేమో అనుకుంటూ గదికి వచ్చాను.

పడుకుంటే నిద్ర రావడం లేదు. బయట ఉన్నవాళ్ల నీడ కూడా సుశీల తన మీద పడనివ్వదు. ఆ మూడు రోజులు నా చెంబు సైతం తాకదు. మరి సిలోన్‌లో నేను ఆ మాట అన్న సాయంత్రమే నా తల ఒళ్లో పెట్టుకుని, వెల్లుల్లి కాచిన నూనె చెవిలో పోసింది తనే కదా?

రేపు సార్‌తో చెప్పాలి. ఆయన ముందు ఏ మాటతో మొదలుపెట్టాలో...