నాన్న చేసిన పంపు మూత

నాన్నా,

ఈ నెల పదిహేను దాటితే ఎవరూ ఏమీ చేయలేరు కాబట్టి ఇవాళే రాస్తున్నాను. నేను కులాసా, కంగారు పడకు.

మా సంస్థ పేటెంటు కాగితాలను మామూలు మాటల్లోకి మార్చి, ఎవరైనా ఉచితంగా చదువుకునేలా పెడుతుంది. నిన్న నా వంతుకు వచ్చిన దరఖాస్తులో నీ మూత బొమ్మ ఉంది. చేతిపంపు విప్పకుండానే వాషరు మార్చే మూత, అచ్చం అదే! ఏదో కంపెనీ తానే కనిపెట్టానని రాసుకుంది. హక్కు వాళ్లకిస్తే నువ్వు దాన్ని చేసి అమ్మకూడదు.

కాగితం పట్టుకుని మా మేడం దగ్గరికి పరిగెత్తాను. "ముందు కూర్చోవే తల్లీ. మీ నాన్న దీన్ని ఎప్పుడో నలుగురికీ చూపించాడని రుజువుందా?" అంది. నాకు నవ్వొచ్చింది. అడిగినవాడికీ అడగనివాడికీ విప్పి చూపించేవాడివి, అమ్మ దెప్పుతూనే ఉండేది. ఆ చూపించడమే ఇప్పుడు మనకు అండ అట. పదిహేనులోగా ఆ రుజువుతో పేటెంటు ఆఫీసులో అభ్యంతరం పెడితే హక్కు వాళ్లకివ్వరట.

తొమ్మిదో తరగతిలో ఆ మూతని బడి ప్రదర్శనలో పెట్టాను కదా. ఆ ఫోటో వెనక హెడ్మాస్టరు తేదీ వేసి సంతకం చేశారు. అమ్మ పెట్టెలో బట్టల అడుగున ఉంటుంది. "పోనీలేమ్మా, వాళ్లనే చేసుకోనీ" అని మాత్రం అనకు.

అమ్మ మోకాలికి కొత్త మందు పనిచేసిందా? వంటింటి కప్పు ఇంకా కారుతోందా? చెల్లిని రోజూ లెక్కలు చేయమను. ఈ కార్డు చదివి వినిపిస్తున్న పక్కింటి టైలరు పిన్నికి నమస్కారాలు.

ఫోటో కవర్లో పెట్టి, పదో తేదీకల్లా నాకు అందేలా పంపు. దొరక్కపోతే ఆ మాటైనా పిన్ని చేత రాయించు, నేనే బడికి వెళ్లి అడుగుతాను.

నీ పెద్దమ్మాయి