పెద్దాయన గుండె చప్పుడు

డిసెంబర్ 1, సోమవారం

పెద్దాయన బరువు 1640 గ్రాములు. పోయిన సోమవారం కూడా అంతే. తాబేలు బరువు వారం వారం రాసుకునేవాణ్ణి నేనొక్కణ్ణే అని మా ఆవిడ ఎగతాళి. ఆకులు ముట్టలేదు. తొట్టిలోంచి దిగే చెక్క మీదికీ రాలేదు. చలి.

నా రిపేరు షాపులో రెండు మోటార్లకు రాగితీగ వైండింగ్ అయింది.

డిసెంబర్ 2, మంగళవారం

లాండ్రీ ఆవిడ మోటారు వెనక్కి తెచ్చింది. నేను బాగుచేసి ఇచ్చి పది రోజులు కాలేదు, బేరింగ్ అరిగి షాఫ్ట్ తిరక్కుండా పట్టేసింది. స్క్రూడ్రైవర్ మొన మోటారుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విన్న తర్వాతే ఇచ్చాను. ముప్పై ఏళ్లుగా అలాగే వింటున్నాను. ఎవరూ నేర్పలేదు. తేడా ఉంటే నా చెవికి తెలుస్తుంది.

మీరు నీళ్లు పోసి ఉంటారు అన్నాను. మోటారుకి స్నానం చేయించడానికి నాకేమన్నా పిచ్చా అన్నయ్యా అని అరిచింది. షాపు ముందు నలుగురు ఆగి చూశారు. నేను నా మాట మార్చుకోలేదు.

డిసెంబర్ 4, గురువారం. ఉదయం 6.00

పెద్దాయన కదలడం లేదు. తల, కాళ్లు లోపలే. స్క్రూడ్రైవర్ తెచ్చి డిప్ప మీద ఆనించి విన్నాను. ఏమీ లేదు. మళ్లీ విన్నాను. ఏమీ లేదు.

6.40

పెరట్లో గొయ్యి తవ్వుతుంటే మా ఆవిడ వచ్చింది. పొద్దున్నే ఏం మొక్క నాటుతున్నారు అని అడిగింది. చెప్పాను. లోపలికి వెళ్లి ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టింది. ఒక కన్ను తెరిచాడు.

నిద్రపోతున్న ప్రాణికి సమాధి తవ్వే మొగుడు దొరికాడు నాకు అని మెట్టు మీద కూర్చుని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. శనివారం డాక్టరుకు చూపిద్దామన్నాను. నిక్షేపంలా ఉన్నాడు, ఎందుకూ అంది. ఆ మాట డాక్టరు చెప్పాలి అన్నాను.

డిసెంబర్ 6, శనివారం

ప్లాస్టిక్ డబ్బాలో తువ్వాలు పరిచి పెద్దాయనను తీసుకెళ్లాం. పిల్లిని ఒళ్లో పెట్టుకున్న ఒకాయన, వయసెంత అని అడిగాడు. మా ఇంటికొచ్చి ఇరవై రెండేళ్లు, అంతకుముందు సంగతి తెలియదన్నాను. అయితే గారు అని పిలవాల్సిందే అన్నాడు.

డాక్టరు మా అమ్మాయి ఈడుది. కళ్లు, నోరు, గోళ్లు, డిప్ప అంచులు అన్నీ చూసింది. బరువు 1640. నా తూకం సరిపోయింది. ఏ రోగమూ లేదు, చలికి మందగించాడు, వెచ్చగా ఉంచండి అంది. గుండె కూడా విందామా అని పెన్నులాంటి దానికి జెల్ రాసి, మెడకూ ముందుకాలికీ మధ్య ఆనించింది. పక్కన చిన్న స్పీకరు.

మా ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. డాక్టరు తల ఊపుతోంది. నేను వాళ్ల ముఖాలు చూస్తున్నాను.

ఇంకా ఆన్ చెయ్యలేదా అని అడిగాను. ఇద్దరూ నావైపు తిరిగారు. డాక్టరు వాల్యూమ్ పూర్తిగా పెంచింది.

అప్పుడు వచ్చింది. తడిగుడ్డతో నేల మీద ఒక్క తుడుపు తుడిచినట్టు. తర్వాత ఏమీ లేదు. ఆగిపోయిందనుకున్నాను. మళ్లీ ఒకటి. ఆ రెండింటి మధ్య నేను ఊపిరి పీల్చి వదిలాను. నా చేతికొచ్చే మోటార్లు నిమిషానికి పద్నాలుగు వందల చుట్లు తిరుగుతాయి. ఇది నిమిషానికి పదహారు. ఇరవై రెండేళ్లు మా వంటింటి మూల, ఒక్క క్షణం స్విచ్ ఆఫ్ లేకుండా. నేను దీన్ని పూడ్చబోయాను.

డాక్టరు ఇంకొకటి చెప్పింది. తాబేలుకు పైకి కనిపించే చెవులు లేవట. సన్నని శబ్దాలు అందవట. నేల అదిరితే కాళ్లకూ డిప్పకూ తెలుస్తుందట. రోజూ నేను రాగానే చెక్క దిగి వస్తాడు. గేటు చప్పుడు విని అనుకున్నాను. కాదు. నా అడుగులు.

వచ్చేటప్పుడు డాక్టరు గొంతు పెంచి, ఈయన్ని మళ్లీ ఏడాదికి తీసుకురండి, మీరు మాత్రం ఈ వారమే చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లండి అంది. బస్సులో మా ఆవిడ, టీవీ గోల గురించి ఏడాదిగా మొత్తుకుంటున్నాను అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది.

డిసెంబర్ 8, సోమవారం

లాండ్రీకి వెళ్లాను. లోపలికి అడుగు పెట్టే ముందు వీధి చివరిదాకా రెండుసార్లు నడిచాను. మీరు నీళ్లు పోయలేదు, బేరింగ్ చప్పుడు నాకే వినపడలేదు అని చెప్పాను. ఆవిడ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, ఇప్పుడు నేననేది వినపడుతోందా అన్నయ్యా అంది. వినపడుతోందన్నాను. అయితే మోటారు ఎప్పుడిస్తావో చెప్పు అంది.

డిసెంబర్ 10, బుధవారం

చెవుల డాక్టరు గ్రాఫ్ చూపించాడు. సన్నని శబ్దాలు ఉండే వైపు గీత కిందికి జారిపోయింది. పాడైన బేరింగ్ ఏడ్చేది సరిగ్గా అక్కడే.

డిసెంబర్ 12, శుక్రవారం

లాండ్రీ మోటారుకు కొత్త బేరింగ్ వేశాను. స్క్రూడ్రైవర్ చెవికి పెట్టలేదు. కళ్లు మూసుకుని అరచేయి ఆనించాను. మొదట అంతా ఒకే అదురు. చాలాసేపటికి ఆ అదురు లోపల ఇంకొకటి, ఇసుక రేణువు దొర్లినట్టు. విప్పాను. కొత్త బేరింగులోనే చిన్న గాటు. ఇంకొకటి వేసి మళ్లీ చెయ్యి పెట్టాను. నీళ్లలా నున్నగా ఉంది.

డిసెంబర్ 14, ఆదివారం

నేల మీద పడుకున్నాను. అరచేయి పెద్దాయన దిగే చెక్క మీద. కళ్లు మూసుకున్నాను.

వస్తున్నాడు.