ఉడుత సినిమా, చిలకలపూడి హారం

ఆదివారం రాత్రి

నిద్ర పట్టడం లేదు. నా చిన్నప్పటి ఉడుత కార్టూన్ సినిమాని నిన్న పాపకి నేనే పెట్టి చూపించాను. అబద్ధాలాడి స్నేహితులందర్నీ పోగొట్టుకున్న ఉడుత చివర్లో ఏడుస్తుంటే పాప కూడా ఏడ్చింది. "చూశావా, ఎప్పుడూ నిజమే చెప్పాలి" అని గొప్పగా చెప్పాను కూడా.

ఇవాళ గుడివాడ పెళ్లిలో భోజనాల దగ్గర మా తోటికోడలు నా హారం పట్టుకుని చూసి, "కొత్తదా? ఎన్ని కాసులు పట్టింది?" అంది. నేను నవ్వి ఊరుకున్నాను. చిలకలపూడి నగ ప్రతి ఇంట్లోనూ ఉంటుంది, ఎవరూ చెప్పుకోరు, ఎవరూ అంత నిలదీసి అడగరు. ఈవిడ అడిగింది.

"బంగారం కాదు పెద్దమ్మా, రోల్డ్ గోల్డ్. చిలకలపూడిలో కొన్నాం" అంది పాప. బల్ల దగ్గరున్న వాళ్లంతా ఇటు తిరిగారు. బల్ల కింద దాని తొడ మీద గట్టిగా గిల్లాను. ఇంకా ఎర్రగానే ఉంది.

బందరు వచ్చేదాకా బస్సులో కిటికీ వైపే తిరిగి కూర్చుంది. ఇందాక పడుకోబెడుతుంటే మాత్రం నా మెడ చుట్టూ చెయ్యేసి, "ఈసారి ఎవరైనా అడిగితే బంగారమనే చెబుతాలే అమ్మా" అంది.

వద్దని చెప్పాల్సింది. "సరే, పడుకో" అన్నాను.