తీర్పుకు ముందరి మౌనం

హాస్టల్, నల్లగొండ

అవ్వా,

"ఉరికంబం కాడికి పోయే పిల్లగాన్ని నడిమిట్ల ఇడిసిపెట్టి పోయినవు" అని నీవు నామీద మోపిన నేరానికి ఇది నా జవాబు. ఫోన్‌లో నేను ఎవరినీ మాట్లాడనివ్వనన్నావు కనుక రాస్తున్నాను. చెల్లెలు అనూహ్య దీన్ని ఇంట్లో అందరూ వినేలా చదవాలి.

మన టీవీ సీరియల్‌లో యజమానిని చంపాడన్న కేసులో డ్రైవర్ ముద్దాయి. నేను పోలీసుల పక్షం, నీవు అతని పక్షం. "గా గొంతుల పాపం లేదే" అనేదానివి. చూపు పోయిన నీకు గొంతులే సాక్ష్యం. మాటలు ఆగిన చోట తెరమీద ఏం జరుగుతోందో నేను చెప్పేదాన్ని.

చదువు కోసం మన ఊరు కేతేపల్లి విడిచాను గానీ, ఆ కేసులో ఒక్క వాయిదా కూడా వదల్లేదు. మొన్న హాస్టల్ టీవీలో కోర్టంతా నిశ్శబ్దమైనప్పుడు, "ఇప్పుడు బోనులకెంచి భార్యను చూస్తున్నడవ్వా" అని పైకే అనేశాను.

"మాకు కండ్లున్నయి తల్లీ, జర ఊకో" అన్నారు అమ్మాయిలు.

చర్చా పోటీల్లో ఎవరికీ తగ్గని నేను, పక్కన నీ చెయ్యి కోసం తడుముకున్నాను.

అక్కడ అనూహ్యేమో "ఏం లేదవ్వా, ఊకే చూస్తుండ్రు" అని దాటేస్తోందట. కోర్టులో ఊరికే ఎవరూ చూడరు.

తీర్పు శనివారం వస్తుంది; నాకు సెలవు ఆదివారం. అమ్మా, బాపూ, అనూహ్యా, మీ అందరికీ నా డిమాండ్ ఇదే: శనివారం టీవీ పెట్టకండి. మరునాడు నేను ఇంటికొచ్చాక ఆ భాగం ఫోన్‌లో చూద్దాం. జడ్జి నోరు తెరిచే ముందు వచ్చే మౌనాన్ని అవ్వకు నేనే చెప్పాలి. అప్పటిదాకా ఆ డ్రైవర్‌ను బోనులోనే నిలబెట్టి ఉంచండి.