పది మందితో గెలిచిన ఆట

వికారాబాద్,
సోమవారం.

అన్నకు, వదినకు మీ రమేశ్ దండాలు. నేనిక్కడ కులాసాగా ఉన్నాను, నా గురించి ఏ ఫికరూ పెట్టుకోకండి. అన్నా, నీ దగ్గు తగ్గిందా? బండల పాలిష్ మిషన్ దగ్గర మూతికి రుమాలు కట్టుకుంటున్నావా, లేక వదినతో ఇంకా తిట్లు తింటున్నావా? చిన్నది బడికి ఏడవకుండా పోతోందా? అన్నీ రాయండి.

ఫోన్ ఉండగా ఉత్తరమేంటని నవ్వకు. ఫుట్‌బాల్ మాటెత్తగానే "సరే తియ్, తిన్నవా?" అని ఫోన్ పెట్టేస్తావు. కాగితమైతే చివరిదాకా చదవక తప్పదు కదా.

వికారాబాద్ వచ్చి ఐదు నెలలైంది. ట్రాక్టర్ షోరూంలో పని బాగానే ఉంది. సేఠ్ మంచివాడే, నోరే కాస్త పెద్దది. అనంతగిరి వైపు నుంచి వచ్చే చలికి పొద్దున్నే స్పానర్ పట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతున్నాయి. మెస్‌లో పప్పు మాత్రం అన్యాయం, గిన్నెలో మొహం చూసుకోవచ్చు. మన తాండూరు కందిపప్పు రెండు కిలోలు పంపమని వదినకు చెప్పు. రైలెక్కితే గంట దూరమే, ఎందుకు రావని ఆమె అడుగుతుందని తెలుసు. ఆరు రోజులు షోరూం, ఏడో రోజు ఆట. ఏం చేయను?

మొదట్లో సాయంత్రమైతే గది తినేసేది. టైర్ల దుకాణం ఖాజాభాయ్ మైదానానికి తీసుకుపోయి తన జట్టులో కలిపాకే మనిషినయ్యాను. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని జట్టు కాగితాల పని నాకే అప్పగించారు. లీగ్ మొదలయ్యే ముందు ప్రతి ఆటగాడి ఫోటో, ఆధార్ జిరాక్సు కమిటీకి ఇవ్వాలి. జాబితాలో లేనివాడు దిగితే గెలిచిన ఆట కూడా అవతలివాళ్లదే, పైగా పాయింట్ల కోత. పోయిన ఏడాది మా జట్టు ఒకసారి అలా దొరికిపోయింది. మళ్లీ దొరికితే ఏడాదిపాటు లీగ్ నుంచే బయటికి. అందుకే ఇల్లిల్లూ తిరిగి పదమూడు మంది కాగితాలు నేనే తెచ్చి ఇచ్చాను.

మొదటి ఆట నిన్న, మన తాండూరుతోనే. పెళ్లిళ్ల రోజులు కదా, ముగ్గురు ఎగ్గొట్టారు. నాతో కలిపి సరిగ్గా పదకొండు మంది మిగిలాం. బూట్లు కట్టుకుని కమిటీ బల్ల దగ్గర జాబితా చూశాను. అందరి పేర్లూ ఉన్నాయి, నాది లేదు! అందరి జిరాక్సులూ తెచ్చినవాణ్ని, నాది షోరూం డ్రాయర్‌లోనే మరిచిపోయాను. తిట్టు అన్నా, కడుపునిండా తిట్టు.

ఖాజాభాయ్ తల పట్టుకున్నాడు. "నర్సింలు పెండ్లికి పోయిండు గదా, వాని పేరు మీద దిగు. ఇద్దరికీ గడ్డమే. ఎవడు చూస్తడు?"

ఇంతలో తాండూరు కెప్టెన్ వచ్చాడు. ఎవరనుకున్నావు, మన పక్క గల్లీ శీనే. విషయం విని నవ్వాడు. "నువ్వు ఆడు రమేశ్, ఏమైతది? మావోళ్లెవ్వరు నోరు తెరువరు. మాట ఇస్తున్న, జబాన్!"

ఆ మాటకు నాకు నీ సంగతే గుర్తొచ్చింది. నీకు ఇరవై ఏళ్లున్నప్పుడు ఇదే మైదానంలో నువ్వు వేరేవాడి పేరు మీద దిగితే, అప్పటి వికారాబాద్ వాళ్లు కూడా ఇలాగే నవ్వుతూ సరే అన్నారు. ఓడిపోయాక ఫిర్యాదు చేశారు. కమిటీ మీ గెలుపు కొట్టేసింది, నీకు రెండేళ్లు ఆట బంద్. దిగమన్న పెద్దమనుషుల్లో ఒక్కరూ నోరు మెదపలేదు, ఊరంతా నిన్నే అన్నది. నువ్వు మళ్లీ బూట్లు ముట్టలేదు. అదంతా నేను చూశాను అన్నా.

"నేను దిగ భాయ్. పది మందితోనే ఆడుండ్రి. ఓడితే నన్ను తిట్టుండ్రి" అన్నాను.

"మస్తు పని చేసినవ్ తమ్మీ" అని పళ్లు నూరుతూ మైదానంలోకి పోయాడు ఖాజాభాయ్.

ఏం ఆడారన్నా! మొదటి సగమంతా బంతి మా గోలు ముందే. మా గోల్‌కీపర్ వినోద్, కిరాణా సేఠ్ కొడుకు, దుమ్ములో దొర్లి దొర్లి ఆపాడు. ఆఖరి ఐదు నిమిషాల్లో కార్నర్ వచ్చింది. ఖాజాభాయ్ ఎగిరి తలతో కొట్టాడు. గోల్! నేను గీత బయట అరిచిన అరుపులకు గొంతు పోయింది, ఈ రోజు షోరూంలో అంతా సైగలతోనే నెట్టుకొచ్చాను.

అసలు ముచ్చట ఇప్పుడు విను. విజిల్ పడిందో లేదో తాండూరు మేనేజర్ కమిటీ బల్ల మీద పడ్డాడు. "లిస్టు తియ్యుండ్రి. ఒక్కొక్కన్ని నిలబెట్టుండ్రి!" వినోద్‌తో మొహం కడిగించి మరీ ఫోటోతో పోల్చాడు. పదికి పదీ సరిపోయాయి. శీను నా వైపు చూడలేకపోయాడు, పాపం. ఖాజాభాయ్ నన్ను అమాంతం భుజాల మీదికి ఎత్తుకున్నాడు. "గోల్ నేను కొట్టిన, మ్యాచ్ వీడు గెలిపిచ్చిండు!"

ఈ పొద్దున నా కాగితాలు కమిటీలో ఇచ్చేశాను. పోయిన గొంతుతోనే గుసగుసగా అక్కడి ముసలి కార్యదర్శిని నీ సంగతి అడిగాను. ఆయన ఆశ్చర్యపోయాడు. "రెండేండ్లదే గదా బాబూ, అది అయిపోయి పదహారేండ్లాయె. ఇంకెందుకు వస్తలేడు?"

మా జట్టుకు శిక్షకుడు లేడు. కమిటీ కాగితంలో ఆ ఖాళీ దగ్గర నీ పేరు నా చేత్తోనే రాశాను, కాగితం ఈ కవర్లోనే ఉంది. ఫోటో అంటించి, సంతకం పెట్టు. వదినా, ఆయన పెట్టేదాకా అన్నం వడ్డించకు.

గల్లీలో పెద్దలందరికీ నా దండాలు చెప్పండి, చిన్నదానికి ముద్దులు. మీ దీవెన నా మీద ఉండాలి.

వచ్చే ఆదివారం పొద్దుటి రైలుకు స్టేషన్‌లో ఉంటాను. ఈసారి నీ పేరు మీదే రా అన్నా.

నీ తమ్ముడు
రమేశ్