కేజ్ పాఠం

మాలూరు,
సోమవారం.

చిరంజీవి పవిత్రకు నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా. మీ అన్న ఫ్యాక్టరీకి పోయి వస్తున్నాడు. నా మోకాళ్ళు మాత్రం నా మాట వినడం మానేశాయి. నేను కాగితం ముందేసుకుని కూర్చుంటే మీ అమ్మ, "ఫోను ఉండాది గదా, ఈ రాతలు ఏమిటికి?" అని ఎగతాళి చేస్తోంది. ఫోనులో చెప్పగలిగే సంగతైతే ఎప్పుడో చెప్పేవాణ్ణి.

మన ఊరి ప్రయాణాల గురించి పిల్లలకు పాఠం చెబుతున్నానని, కొన్ని వివరాలు కావాలని అడిగావు. రాసుకో. రైలు లేని రోజుల్లో మన బంగారు గనులకు యంత్రాలు ఎద్దుబండ్ల మీద వచ్చేవని మా తాత చెప్పేవాడు. ఒక్క బాయిలరుకు పదహారు జతల ఎద్దులట. చెప్పిన ప్రతిసారీ రెండు జతలు పెరిగేవి, నువ్వు కాస్త తగ్గించి చెప్పు. తర్వాత బంగారుపేట నుంచి గనుల పక్కనున్న మారికుప్పానికి రైలు వచ్చింది. గనులు మూతపడ్డాక మనవాళ్ళు ఆ రైల్లోనే తెల్లారకముందే బెంగళూరికి పనికి పోతున్నారు. అదీ చరిత్రే, అదీ రాయించు.

ఇంగ కేజ్. మనుషులను గనిలోకి దించే ఇనుప బోను. పైన ఇంజిన్ హౌసులో కూర్చుని దాన్ని నడిపేవాణ్ణి నేను. అక్కడి నుంచి నాకు మనుషులు కనబడరు. షాఫ్టు దగ్గర, అంటే గని బావి అంచున, ఉండేవాడు మూడు బెల్లులు కొడితే మనుషులు ఎక్కారని అర్థం, మెల్లగా దించాలి. రెండే కొడితే సరుకు, వేగంగా వదలొచ్చు. ఒక డ్రైవరుకు ఒక షిఫ్టే. రెండో షిఫ్టు ఆ కుర్చీలో కూర్చోకూడదని రూలు.

నీ ఉత్తరం చివర రాసింది చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. "మీ తాత బెల్లు తప్పు కొట్టినందుకే గదా నలుగురి కాళ్ళు ఇరిగినాయి" అని నీ క్లాసులో ప్రిన్సీని తోటి పిల్లలు అన్నారని, అప్పటి నుంచి ఆ పిల్ల బడికి రావడం లేదని రాశావు. కేజ్ సంగతి పాఠంలోంచి తీసేయనా అని అడిగావు.

తీసేయకు. ప్రిన్సీ తాత అమోసు తప్పు కొట్టలేదు. మూడూ కొట్టాడు. నేను విన్నాను.

ముప్ఫై ఏళ్ళ కిందటి మాట. తోటి డ్రైవరు సొన్నప్ప తన కూతురి పెళ్ళిమాటలకు నంగలికి పోతే, నా షిఫ్టు అయ్యాక అతని బదులు కూడా నేనే కూర్చున్నాను. అలా మాలో మేము సర్దుకోవడం మామూలే. అప్పటికి పన్నెండు గంటలుగా లేవలేదు. అంతసేపూ సరుకే దించుతున్నాను. మూడు బెల్లులు చెవిన పడుతూనే ఉన్నాయి, చెయ్యి మాత్రం అదే వేగంతో వదిలేసింది. కేజ్ అడుగున పడ్డ అదురు తాడు వెంట నా చేతికి తెలిసింది.

విచారణలో ఆఫీసరు అడిగితే, "రెండే వచ్చినాయి సార్" అన్నాను. అమోసు నా వైపు తిరిగి, "కదిరప్పా, దేవుని తోడు, మూడు కొట్టినాను గదప్పా" అన్నాడు. నేను మళ్ళీ రెండే అన్నాను. డ్రైవరు మాటే నమ్మారు. అతని ఉద్యోగం పోయింది. నాది నిలబడింది. ఆ జీతంతోనే నిన్ను టీచరు ట్రైనింగు చదివించాను. మీ అమ్మకు కూడా ఇది తెలియదు. సిగ్గుతో చచ్చిపోతున్నానమ్మా.

శుక్రవారం పొద్దున రైలుకు వస్తాను, కేజ్ పాఠం ఆ రోజే పెట్టుకో. ఈ ఉత్తరం అందగానే వాళ్ళింటికి పోయి అమోసునూ ప్రిన్సీనీ బడికి పిలువు. ఎందుకని అడిగితే నా పేరు చెప్పు. అతను నన్ను నాలుగు తన్నినా నువ్వు అడ్డం రావద్దు. పిల్లల ముందే ఒప్పుకుంటాను. కానీ నా సంగతి నాకు తెలుసు. స్టేషను దాకా వచ్చి వెనక్కి తిరిగిపోయినా పోతాను. పాఠం మొదలయ్యే వేళకు నేను గుమ్మంలో కనబడకపోతే నా కోసం చూడకు. ఈ ఉత్తరమే అందరికీ వినబడేలా చదివెయ్యి. కింద సంతకంతో సహా.

ఇట్లు,
మీ నాన్న,
కదిరప్ప, ఇంజిన్ డ్రైవరు.