ముప్పై నాలుగో పుస్తకం

రిబ్కా, దుమ్ముగూడెం పోతున్నాను. గేదెకు కుడితి పెట్టు. అన్నం దించాకే పుస్తకం తెరువు.

క్యాలెండర్ వెనుక నువ్వు రాసుకున్న జాబితా చూశాను. ఈ ఏడాది యాభై చదువుతానన్నావు. డిసెంబరు వచ్చేసరికి ముప్పై నాలుగయ్యాయి. ఎరువుల కంపెనీ పంచిన కరపత్రాన్ని కూడా పుస్తకం కింద రాశావు. బస్సు టిక్కెట్లు కూడా కలుపుకో, యాభై నిండుతాయి.

ముప్పై నాలుగోది మీ అమ్మ చదువుతున్న పుస్తకం. "ఏడాదికొక్కటి సదివితే సాలదా ఏంది?" అనేది. ఆ ఒక్కటీ పూర్తిచేయకుండానే కన్నుమూసింది. ఆగిన చోట గుర్తుగా తునికాకు పెట్టుకుంది. నువ్వేమో "ఎండుటాకే గదా నాన్నా" అని పొయ్యిలో వేశావు.

నీ జాబితాలోంచి ఆ పుస్తకం కొట్టేశాను. నీకు ముప్పై మూడే.

ఆ ఆకు ఏ పేజీలో ఉండేదో గుర్తుంటే ఈ చీటీ వెనుక రాసిపెట్టు.